గాజులు పెంచుతారంట

మా కింది వాటాలో అద్దెకుండే స్వప్న పోయిన నెల ఒక పాపను ఇంటికి తెచ్చుకుంది. భార్యాభర్తలిద్దరూ చాలాకాలం ఎదురుచూసి, దరఖాస్తులు పెట్టి, తిరగాల్సిన చోటల్లా తిరిగి, చివరికి గులాబీరంగు తువాలులో చుట్టిన బిడ్డను కారులోంచి దించుకుంటుంటే నేను మేడ మీద నుంచి చూశాను. తరువాత ఒక మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని పైకి వచ్చింది. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఉన్నట్టుండి, "అమ్మా, పాపకు ఎప్పుడు చెప్పాలంటారు?" అని అడిగింది. "ఏమని?" అన్నాను. "పెంచుకుంటున్నామని," అంది. ఆ మాట దగ్గర గొంతు తగ్గించింది, భుజం మీద నిద్రపోతున్న పసిగుడ్డుకు ఎక్కడ వినిపిస్తుందో అన్నట్టు. "చెప్పే రోజంటూ ఒకటి పెట్టుకోవద్దమ్మా. అన్నం తినడం ఎప్పుడు నేర్చుకున్నామో మనకు గుర్తుంటుందా? ఇదీ అట్లాగే తెలిసిపోవాలి. నాకు అట్లాగే తెలిసింది," అన్నాను. స్వప్న కళ్ళు పెద్దవి చేసి నావైపు చూసింది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఉంటూ, నేను పెంపుడు బిడ్డనని ఆ పిల్లకు తెలియదు. చెప్పకూడదని కాదు, ఆ ప్రస్తావన ఎప్పుడూ రాలేదు. ఆమె కిందికి పోయాక చాలాసేపు ఆ ఒక్క మాటే నా నోట్లో తిరుగుతూ ఉండిపోయింది. పెంచడం. ఆ మాటను మా అమ్మ ఎన్ని విధాలుగా వాడేదో!

నేను పుట్టింది మైదుకూరులో, పెరిగింది ఎమ్మిగనూరులో. నన్ను కన్న ఓబులమ్మ, పెంచిన నరసమ్మ సొంత అక్కచెల్లెళ్ళు. చెల్లెలికి వరుసగా ఆడపిల్లలు పుట్టారు. అక్కకు కడుపు పండలేదు. నేను పుట్టినప్పుడు బాలింతకు పథ్యం వండిపెట్టడానికి అక్క మైదుకూరు వచ్చింది. నాకు స్నానం చేయించింది, సాంబ్రాణి పట్టింది, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని కాటుక పెట్టింది. తిరిగి ఊరికి పోయేనాడు నన్ను ఎత్తుకుని బస్సెక్కింది. మా ఇళ్ళలో ఈ సంగతి ఎప్పుడు చెప్పుకున్నా ఒకటే మాటగా చెప్పుకునేవాళ్ళు: "బిడ్డను ఎత్తుకుని బస్సెక్కింది, ఎవురూ దించుకోలేదు." అంతే నా దత్తత. మంత్రాలు లేవు, సంతకాలు లేవు. పెంచినామెను అమ్మా అని పిలిచాను కాబట్టి, ఆమె చెల్లెలైన కన్నతల్లి నాకు సహజంగానే చిన్నమ్మ అయింది. మైదుకూరు చిన్నమ్మ. ఏడాదికోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా నన్ను కాస్త ఎక్కువసేపు చూసేది.

ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ళ వీధి. ఇల్లంటే ఒక పొడుగాటి గది. అందులో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించుకుని కూర్చుని నాయన నేసేవాడు. పొద్దున నా కళ్ళు తెరుచుకునేది మగ్గం చప్పుడుకే. అడ్డపోగును లాక్కుపోయే నాడె అటునుంచి ఇటు పరుగెత్తే చప్పుడు, వెంటనే ఆ పోగును బిగించే అచ్చు వచ్చి తాకే చప్పుడు, ఒకదాని వెనక ఒకటి, నాయన ఊపిరి తీసినంత తేలిగ్గా. పెరట్లో అమ్మ నూలుకు పట్టించే గంజి ఉడుకుతూ ఉండేది. పుల్లగా, వెచ్చగా ఉండే ఆ వాసన మా ఇంటి గోడలకూ, దుప్పట్లకూ, అమ్మ కొంగుకూ అంటుకుని ఉండేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా గంజి వారుస్తుంటే ఆ వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతాను. పొయ్యి మీద జొన్నరొట్టె పొంగుతుంటే అమ్మ అరచేత్తోనే తిప్పేది. దానిమీద చెనిక్కాయల పొడి, కాస్త నూనె. తిన్నాక రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే కండెలు చుట్టేది. మా వీధిలో ఆడవాళ్ళ పని అదే. నూలు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కండెలు చుట్టడం. మగ్గం గుంటలో దిగేది మాత్రం మగవాళ్ళే. ఎందుకని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఇంట్లో రోజంతా ఆ మాట వినబడుతూనే ఉండేది. సందెవేళ మగ్గం మీద పోగు కనబడకపోతే "లాంతరు పెంచు మ్మే" అనేది అమ్మ. అనుకోకుండా చుట్టాలు దిగితే వంటింట్లో నా చెవిలో "పులుసులో నీళ్ళు పెంచు, ఉప్పు కూడా పెంచు, మరిచిపోతావు" అనేది. నేను ఏదైనా కావాలని అరిస్తే "గొంతు పెంచితే గోడలకు ఇనపడతాది, నాకు కాదు" అనేది. నాకు తల దువ్వుతూ "జుట్టు బాగా పెంచల్ల, నడుముకు కొట్టుకోవల్ల" అనేది. గాజు చిట్లినా, తాళి దారం తెగినా మా వీధి ఆడవాళ్ళు తెగింది, పగిలింది అని నోటితో అనరు. అపశకునం. "గాజు పెరిగింది," "తాడు పెరిగింది" అంటారు. ఒకసారి నీళ్ళు తోడుతుంటే అమ్మ గాజు ఒకటి చిట్లింది. "అయ్యో, పెరిగె" అంటూ ఆ ముక్కల్ని ఏరి గోడవార వేసింది. నేను ఆ వయసులో దాన్ని పట్టించుకోలేదు. పెరిగింది అంటే పెద్దదైంది అనే తప్ప నాకు ఇంకో అర్థం తెలియదు.

నేను పెంపుడు పిల్లననే సంగతి నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పలేను గానీ, అది గుచ్చుకున్న రోజు గుర్తుంది. ఎదురింటి ఉరుకుందమ్మవ్వ ఒక మేకను పెంచేది. ఆ మేక మా నూలు నమలబోతే నేను కట్టెతో తోలాను. ఆమెకు కోపమొచ్చి, "అది నేను పెంచుకున్న మేక. నువ్వూ పెంచుకున్న పిల్లవే గదే! దానికీ నీకూ ఏం తేడా?" అంది. నేను ఏడుస్తూ వచ్చి అమ్మను అదే ప్రశ్న అడిగాను. అమ్మ రాట్నం ఆపలేదు. "తేడా యాల లేదు? మేకను పెంచినంత మాత్రాన ఆ యవ్వను మేక వాళ్ళమ్మా అని ఎవురన్నా పిలుస్తాండారా? నువ్వు రాకముందు నన్ను ఈ వీధిలో నరసక్క అనేటోళ్ళు. ఇప్పుడు సరోజ వాళ్ళమ్మ అంటాండారు. ఇంతకూ ఎవురు ఎవుర్ని పెద్ద చేసినట్లు?" అంది. గుంటలో నుంచి నాయన పెద్దగా నవ్వాడు. నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, నాయన నవ్వాడు కాబట్టి ఇది ఏడవాల్సిన సంగతి కాదని తెలిసింది.

నేను ఇంకా చిన్న బడిలో ఉండగానే నాయన పోయాడు. జ్వరమని పడుకున్నాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. లేచి పూర్తి చేస్తానన్నాడు, లేవలేదు. మైదుకూరు నుంచి చిన్నమ్మ, చిన్నాయన వచ్చారు. ఇల్లంతా మనుషులు. మగ్గం చప్పుడు లేక ఇల్లు ఎవరిదో అన్నట్టుండేది. దినాలకు ముందురోజు అరుగు మీద ముసలమ్మలు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఉరుకుందమ్మవ్వ అంది: "రేపు నరసమ్మకు గాజులు పెంచల్ల గదా, అన్నీ సిద్ధం చేసినారా?" నేను ఆ పక్కనే ఉన్నాను. ఆ దుఃఖం మధ్యలో అదొక్కటే మంచిమాటగా నాకు వినిపించింది. పరుగున లోపలికి పోయాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్నమ్మ పక్కన ఉంది. "మ్మా, రేపు నీకు గాజులు పెంచుతారంట! ఆకుపచ్చవి పెంచమను. ఎర్రవి వద్దను," అన్నాను.

చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం ఏడవలేదు. నన్ను దగ్గరకు తీసుకుని, చెదిరిన నా జుట్టు చెవి వెనక్కి తోసి, "అట్లనేలేమ్మా. ఆకుపచ్చవే పెంచమంటా," అంది.

మర్నాడు పొద్దున నిజంగానే గాజులు తెచ్చారు. అమ్మకు తల స్నానం చేయించి, పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టారు. రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు తొడిగారు. అందులో ఆకుపచ్చవే ఎక్కువ. నా మాట నెగ్గిందని నేను పొంగిపోయాను. అమ్మను అంత అందంగా నేను ఎప్పుడూ చూడలేదు. అందరూ ఎందుకు అంతగా ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. తరువాత ఆడవాళ్ళు అమ్మను చుట్టుముట్టి ఊరి బయటికి నడిపించుకుపోయారు. నేనూ వస్తానంటే చిన్నమ్మ నన్ను గట్టిగా పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. బొరుగులు, బెల్లం నా ఒళ్ళో పోసింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి అమ్మ కొంగు ఒంటినిండా కప్పుకుని ఉంది. నేను పోయి ఆ కొంగు తొలగించి చూశాను. మణికట్టు దగ్గర ఒకటి రెండు చోట్ల గీరుకుపోయి ఉంది.

"ఏవీ? పెంచలేదా?" అన్నాను.

"పెంచినారు గదమ్మా."

"మరి లేవే?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. "శానా పెంచితే అట్లే అయితాది," అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో. నన్ను భయపెట్టకుండా నాకు ఒక జవాబు ఇవ్వాలి, అంతే. అంత దెబ్బ తిన్న రోజున కూడా ఆమె చేసిన పని, నా ప్రశ్నకు నాకు సరిపోయే సైజులో జవాబు కుట్టి ఇవ్వడం.

నన్ను ఏం చేయాలన్న మాట మరుసటి రోజు వచ్చింది. చిన్నాయన మంచివాడు. తలవంచుకునే మాట్లాడాడు. "వదినమ్మా, మగ్గం మూలబడె. ఆడపిల్లను ఒక్కదానివే ఎట్ల పెంచుతావు? మేం తోలుకుపోతాం. నువ్వు కూడా మాతో రా." అమ్మ మగ్గం మీద సగంలో ఆగిన చీర వైపు చూస్తూ, "నేను యాడికి రాను నాయనా. బిడ్డను తోలుకుపో. ఈడ ఉంటే ఏం తింటాది?" అంది. నా బట్టలు సర్దింది. బస్సుకు ముందు నాకు నూనె రాసి, రెండు జడలు వేసి, "జుట్టు కత్తిరించనియ్యొద్దు, పెంచుకో," అంది. నన్ను బస్సెక్కించడానికి వీధి చివరిదాకా కూడా రాలేదు. గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ కాలంలో అప్పుడే భర్త పోయినామె ఎదురు రాకూడదు. రాలేదని నేను దారంతా అలిగాను.

మైదుకూరులో నాకు ఏ లోటూ లేదు. అక్కలు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. చుట్టుపక్కల కళ్ళాల్లో పసుపు ఉడకబెట్టే కాలమది. ఊరంతా పచ్చి పసుపు ఘాటు. రాత్రి దుప్పటి ముక్కుకు కప్పుకుంటే గంజి వాసన రావాలి కదా, పసుపు వాసన వచ్చేది. చిన్నాయన ఒకరోజు నవ్వుతూనే, "చిన్నమ్మ ఏంది మ్మే? అమ్మా అని పిలువు," అన్నాడు. పిలుద్దామనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు. చిన్నమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "ఇడిసిపెట్టు. వచ్చేదైతే అదే వస్తాది," అంది. ఆ సాయంత్రం నాకు తల దువ్వడానికి కూర్చుంది. ఆమె వేళ్ళు అచ్చం అమ్మ వేళ్ళలాగే ఉండేవి. పొట్టి గోళ్ళు, బొటనవేలి పక్కన, పుట్టింట్లో కండెలు చుట్టిన నాడు నూలు కోసిన గీతలు. పాపిట తీయబోయి ఆగింది. "మీ అమ్మ ఎట్ల తీస్తాది పాపిట? నడిమధ్యనా, పక్కకా?" అని అడిగింది. మీ అమ్మ అంది. నన్ను కన్న మనిషి, నా తల ఒళ్ళో పెట్టుకుని. "మధ్యలో," అన్నాను. చాలాసేపు సరిచేసి, సరిగ్గా మధ్యలో తీసింది.

కొన్ని నెలలు గడిచాయి. మా దూరపు చుట్టం ఒకామె మంత్రాలయం పోయి, దారిలో ఎమ్మిగనూరులో దిగి వచ్చింది. వస్తూనే నడవలో కూలబడి, "ఓబులమ్మా, విన్నావా? మీ అక్క మగ్గం గుంటలో దిగిందే! ఆడమనిషి, అందులోనూ మొగుడు పోయినామె, మగ్గం తొక్కుతాంటే వీధంతా నోరు నొక్కుకుంటాండారు," అంది.

"నేత ఎట్లుంది?" అని అడిగింది చిన్నమ్మ.

"ఏముంటాది? అంచు పాము మాదిరి వంకర పోతాందంట."

చిన్నమ్మ నవ్వింది. నేను మైదుకూరు వచ్చాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి. "మా యక్క ఏది మొదులుపెట్టినా ముందు వంకరే. చిన్నప్పుడు ముగ్గు కూడా అంతే. తర్వాత దాని మాదిరి ఎవురూ ఎయ్యలేకపోయిరి," అంది. తెల్లారి నా బట్టలు మూట కట్టి, చిన్నాయనతో "పోయొస్తాం," అంది. ఆయనకు అర్థమైంది. వాదించలేదు. బస్సు దగ్గరికి వచ్చి నాకు ఆకులో చుట్టిన మిరపకాయ బజ్జీలు కొనిచ్చి, చిన్నమ్మతో "సెలవలకన్నా పంపమను మీ యక్కను," అన్నాడు. కిటికీలోంచి నా తల మీద చేయి పెట్టి, బస్సు కదిలేదాకా తీయలేదు. ఆయన నా కన్నతండ్రి. ఆ చేతి బరువు నాకు ఇంత కాలానికి అర్థమవుతోంది.

మా వీధి మలుపు తిరగ్గానే మగ్గం చప్పుడు వినిపించింది. నాయన చప్పుడు కాదు. ఆగుతోంది, తడబడుతోంది, మళ్ళీ అందుకుంటోంది. నేను చిన్నమ్మ చేయి విడిపించుకుని పరుగెత్తాను. అమ్మ గుంటలో ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చెమటతో తడిసిపోయి, నాడె చేతిలో పట్టుకుని. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. నా వెనక వచ్చిన చెల్లెలి వైపు చూసి, "యాల తోలుకొచ్చినావు?" అంది. గొంతు కరుకుగా ఉంది. కళ్ళు అట్లా లేవు.

చిన్నమ్మ మూట కింద పెట్టింది. "నువ్వు మగ్గం నేస్తాండావంట. కండెలు చుట్టేదానికి ఒకరు ఉండొద్దా? ఒక్కదానివే ఎట్ల చేసుకుంటావని తోలుకొచ్చినా."

"కండెలు నేను చుట్టుకుంటా. దీన్ని బడికి పంపిస్తా."

"నీ బిడ్డ, నీ ఇష్టం," అంది చిన్నమ్మ.

చిన్నమ్మ మగ్గం పక్కన కూర్చుని, అమ్మ నేసిన గుడ్డను వేళ్ళతో తడిమి, "ఈడ పేక వదులైంది. బావ బిగించి కొట్టేటోడు," అంది. "తెలుసులే," అంది అమ్మ. మూడు రోజులో నాలుగు రోజులో ఉండి, అంచు సరిగ్గా నిలిచేదాకా చూసి, చిన్నమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నన్ను ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. బస్సెక్కాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ నాతో అంది, "అది చూడదు. చూసిందంటే దిగుతాది."

అమ్మ ఆ మగ్గం మీదే నన్ను చదివించింది. వీధి కొన్నాళ్ళు నోరు నొక్కుకుంది, తరువాత ఆ చప్పుడుకు అలవాటు పడింది. ఇంకొన్నేళ్ళకు ఉరుకుందమ్మవ్వ కోడలు కూడా గుంటలో దిగింది. నేను టీచరు శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, కర్నూలులో ఇల్లు కట్టుకున్నాను. చిన్నాయన పోయినప్పుడు అమ్మా నేనూ మైదుకూరు పోయాం. అక్కడా అరుగు మీద ముసలమ్మలు. అక్కడా అదే మాట. "రేపు ఓబులమ్మకు గాజులు పెంచల్ల." అమ్మ అప్పటికే ముసలిదైంది, వంగిపోయింది. అయినా లేచి గడపలో అడ్డంగా నిలబడింది. "పెంచాల్సినవి మేము శానా పెంచినాం. పిల్లల్ని పెంచినాం, కష్టం పెంచుకున్నాం, ఓర్పు పెంచుకున్నాం. ఇది మాత్రం వద్దు. దాని చేతులు దానికి ఇడిసిపెట్టండి," అంది. ముసలమ్మలు గొణిగారు. ఒకామె శాస్త్రం చెప్పబోయింది. అమ్మ కదల్లేదు. చిన్నమ్మ చేతులకున్న గాజులు ఆ రోజు అట్లాగే ఉన్నాయి. తరువాత కొంతకాలానికి, తన ఇష్టంతోనే, ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. లాంతరు పెంచే పని ఎవరికీ లేదు. ఆ మాట నాకు ఎక్కువగా వినబడేది కరెంటు ఛార్జీలు పెంచారని, బస్సు టికెట్టు పెంచారని. పిల్లల పెంపకం మీద పుస్తకాలు వస్తున్నాయి, తరగతులు నడుస్తున్నాయి. ఈ కాలం తల్లులు చదువుకుని, ఆలోచించి, అడిగి తెలుసుకుని పెంచుతున్నారు. అది మంచిదే. గాజుల తంతు మా చుట్టాల్లో దాదాపు లేదు. అది ఇంకా మంచిది. అయితే మా రోజుల్లో బిడ్డ ఎవరిదన్న ప్రశ్నకు ఒక్క జవాబే ఉండాలని ఎవరూ పట్టుబట్టేవాళ్ళు కాదు. ఆ సడలింపు ఇప్పుడు తగ్గిందేమో అనిపిస్తుంది. నాది ముసలితనపు మాట కూడా కావచ్చు.

చివరి సంవత్సరాల్లో అక్కచెల్లెళ్ళిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. ఒకే గది, పక్కపక్కనే రెండు మంచాలు. టీలో చక్కెర గురించి, ఫ్యాను గురించి రోజంతా పోట్లాడుకునేవాళ్ళు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు అన్నం ముట్టేవాళ్ళు కాదు. ఇద్దరికీ ఒకేసారి కళ్ళలో శుక్లాలు ముదిరితే, కలిపే ఆపరేషను చేయిద్దామని కర్నూలులోనే ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. బల్ల మీద నాకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చున్నారు. ఒక నర్సు అమ్మాయి కాగితాలతో వచ్చి, "మేడం, వీళ్ళిద్దరిలో మీ అమ్మ ఎవరు?" అంది.

నేను నోరు తెరిచేలోపు రెండు చేతులు లేచాయి. అమ్మ చిన్నమ్మను చూపించింది. చిన్నమ్మ అమ్మను చూపించింది. కళ్ళు సరిగ్గా కనబడవు కాబట్టి, ఎదుటామె తనను చూపిస్తోందని ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు.

నర్సు అయోమయంగా నావైపు చూసింది. "ఒక్కరి పేరే చెప్పండి మేడం, మీరేమవుతారో కాగితం మీద రాయాల," అంది.

"రెండు కాగితాలు తీసుకోమ్మా," అన్నాను. "రెండిట్లోనూ కూతురనే రాయి."